అనుజ్ఞ ఎవరిది?



వినుకొండ అన్న పేరు వెనుక ఒక శ్రవణం ఉన్నది. సీతాపహరణ వృత్తాంతాన్ని శ్రీరామచంద్రుడు జటాయువు నోట విన్న స్థలం కనుక ఇది విన్నకొండ అయినదనీ, కాలక్రమంలో వినుకొండగా స్థిరపడినదనీ స్థలపురాణం. కొండమీద వెలసిన స్వామి రామలింగేశ్వరుడు. ఆ వార్తను రాముడు విచారణ లేకుండానే స్వీకరించాడు. ఎందుకంటే చెప్పినవాడు ఎక్కడో విని చెప్పలేదు. కళ్లారా చూశాడు, అడ్డుపడ్డాడు, రెక్కలు పోగొట్టుకున్నాడు. అది ఆప్తవాక్యం. చెప్పినవాడెవడు, అతనికి ఎలా తెలిసింది అన్న విచారం మన శాస్త్రాలలో ప్రమాణచర్చకు మొదటిమెట్టు. ముప్పై ఏళ్లుగా ఇదే ఊళ్లో పౌరోహిత్యం నెరపుతున్న ఒక పెద్దాయనకు విశ్వావసు నామ సంవత్సర ఆషాఢంలో, అనగా 2025 జులైలో, ఆ విచారమే ఒక కంప్యూటరు ముందు కూర్చుని చేయవలసి వచ్చింది.

ఆయన వద్ద ఒక పుస్తకం ఉన్నది. కిరాణాకొట్లలో పద్దులు రాసుకునే పొడవాటి పుస్తకం. అట్ట రెండుమార్లు మారింది. అందులో ఉన్నవి పద్దులు కావు, పితృతిథులు. గతించినవారి పేరు, గోత్రం, మాసం, పక్షం, తిథి, కర్త పేరు, కర్త నివాసం. నాలుగు వందలకు పైగా కుటుంబాల వివరాలు. తొలినాళ్లలో నివాసపు గడిలో వినుకొండ, ఈపూరు, బొల్లాపల్లి, శావల్యాపురం అని ఉండేది. ఇప్పుడు అదే గడిలో కొట్టివేతల మీద కొట్టివేతలు: హైదరాబాదు, బెంగళూరు, డాలస్, మెల్‌బోర్న్. ప్రతి ఉగాదికీ కొత్త పంచాంగం చేతికి రాగానే ఆయన ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకుని, ఒక్కొక్క తిథికీ ఆ ఏటి తేదీని నిర్ణయించి, కర్తలకు కబురు చేస్తారు. పూర్వం కార్డుముక్క, తరువాత ఫోను, ఇప్పుడు సందేశం. సాధనం మారింది గాని శ్రమ తగ్గలేదు. విదేశాలవారు పెరిగినకొద్దీ లెక్క జటిలమైంది.

ఆయన మేనల్లుడు హైదరాబాదులోని ఒక సంస్థకు సాఫ్ట్‌వేరు పని చేస్తాడు. కోవిడ్ కాలంలో ఇంటికి వచ్చినవాడు వినుకొండనుంచే పని సాగిస్తున్నాడు. మేనమామ శ్రమ చూసి, ఆ పుస్తకమంతా కంప్యూటరులోకి ఎక్కించి, తేదీలు తానే లెక్కకట్టి ఉత్తరాలు సిద్ధం చేసే ప్రోగ్రాము ఒకటి రాయాలని సంకల్పించాడు. ఈ రోజుల్లో ప్రోగ్రాము ఒంటరిగా రాసేవారు తక్కువ. కావలసినది మామూలు మాటల్లో చెబితే తానే రాసి, నడిపి చూసి, తప్పు వస్తే దిద్దుకునే ఏఐ సహాయకయంత్రాలు వచ్చాయి. అతడు అలాంటి దానినే పక్కన పెట్టుకున్నాడు.

పెద్దాయన మొదట దానిని పరీక్షించారు. "ఈ ఏడు ఆషాఢ బహుళ సప్తమి శ్రాద్ధం వినుకొండలో ఏ రోజు పెట్టాలో అడుగు." యంత్రం క్షణమైనా తడబడలేదు. జులై 18 శుక్రవారం అన్నది. మాసనిర్ణయం గురించీ, పితృకార్యపు పవిత్రత గురించీ నాలుగు శ్రావ్యమైన వాక్యాలు కూడా చేర్చింది. పెద్దాయన పంచాంగం తెరిచారు. సప్తమి 16 రాత్రి 9 గంటల ప్రాంతంలో వచ్చి 17 సాయంత్రం 7 గంటల ప్రాంతంలో వెళ్లిపోతున్నది. శ్రాద్ధం 17 గురువారం. 18న సప్తమి లేనే లేదు.

"అది లెక్క కట్టలేదు మామయ్యా," అన్నాడు మేనల్లుడు. "చదివినవాటిని బట్టి సమాధానం ఎలా ఉండొచ్చో అలా చెప్పింది."

"అయితే దీనికి స్మృతి ఉంది, ప్రత్యక్షం లేదు," అన్నారాయన. "స్మృతి ప్రమ కాదురా. మా నైయాయికులు ఎప్పుడో తేల్చారు."

ఇది హాస్యానికి అన్నమాట కాదు. తిథి అనేది వల్లెవేసి చెప్పదగినది కాదు. చంద్రుడు సూర్యునినుండి 12 భాగలు ఎడమైతే ఒక తిథి. చంద్రగతి సమంగా ఉండదు కనుక ఒక తిథి 20 గంటలలో ముగియవచ్చు, మరొకటి 26 గంటలు దాటవచ్చు. ఆ ఏటి తొలి ఏకాదశే జులై 5 సాయంత్రం ప్రవేశించి 6 రాత్రి దాకా ఉన్నది. ఎన్ని వేల పుటలు చదివినా, ఆకాశాన్ని లెక్కకట్టని బుద్ధికి తిథి చిక్కదు. ఎంత చక్కగా మాట్లాడినా అంతే. బాగా మాట్లాడేవాడు తప్పు చెబితే వినేవాడు నమ్మే ప్రమాదం ఎక్కువ కూడా.

కనుక యంత్రానికి కన్ను కూర్చాలి. మేనల్లుడు చేసిన పని అదే. సహాయకయంత్రాన్ని బయటి టూల్ సర్వర్లకు కలిపాడు.

దీని వెనుక కొద్దిపాటి చరిత్ర ఉన్నది. ఇలాంటి యంత్రాలకు బయటి సాధనాలను కలపాలంటే పూర్వం ప్రతి యంత్రానికీ, ప్రతి సాధనానికీ మధ్య విడిగా ఒక వారధి కట్టవలసి వచ్చేది. పది యంత్రాలు, పది సాధనాలు ఉంటే నూరు వారధులు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే అమెరికా సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతిని అందరికీ విడుదల చేసింది. సంక్షిప్తంగా ఎంసీపీ అంటారు. సాధనం తరఫున ఒక చిన్న సర్వరు ఉంటుంది. అది ఈ పద్ధతిలో మాట్లాడితే చాలు, పద్ధతి తెలిసిన ఏ సహాయకమైనా దానితో పని చేయించుకోగలదు. ఏడాది తిరక్కముందే పోటీ సంస్థలు కూడా దీనిని స్వీకరించాయి. సర్వరు మన కంప్యూటరులోనే నడవవచ్చు, దూరదేశంలో నడుస్తూ ఇంటర్నెట్ ద్వారా పలకనూవచ్చు.

వీరి సంభాషణ జరిగే తీరును మేనల్లుడు వివరించగా పెద్దాయనకు వెంటనే శ్రౌతం స్ఫురించింది. ముందుగా రెండుపక్షాలూ ఒకరినొకరు పలకరించుకుంటాయి. నేను ఈ కాలపు పద్ధతిలో మాట్లాడతాను, నాకు ఇవి చేతనవును అని చెప్పుకుంటాయి. తరువాత సహాయకం తరఫున ప్రశ్న వెళుతుంది: నీ వద్ద ఏయే పనిముట్లు ఉన్నాయి? సర్వరు పట్టిక పంపుతుంది. ప్రతి పనిముట్టుకూ ఒక పేరు, అది ఏమి చేస్తుందో వివరణ, దానికి ఏమేమి ఇవ్వాలో నియమం. ఆపైన అవసరమైనప్పుడల్లా ఒక్కొక్క పనికి ఒక్కొక్క పిలుపు, ఒక్కొక్క జవాబు. దర్శపూర్ణమాసాలలో అధ్వర్యువు ఆశ్రావణం చేయకుండా, ఆగ్నీధ్రుడు ప్రత్యాశ్రావణం పలకకుండా, ప్రైషం అందుకున్న హోత యాజ్య చదివి వషట్కారం చేయకుండా ఆహుతి అగ్నిలో పడదు. పిలుపు, బదులుపిలుపు, ఆజ్ఞ, పఠనం, చివరకు క్రియ. ఎవరి పని వారిది. హోత చేతిలో జుహువు ఉండదు, అధ్వర్యువు యాజ్య చదవడు.

ఇక్కడా అంతే. ఆలోచించే యంత్రం తన చేతితో ఏ పనీ చేయదు. ఫలానా పనిముట్టును ఫలానా వివరాలతో పిలవండి అని రాసి ఆగుతుంది. దానిని తనలో ఇముడ్చుకున్న ప్రోగ్రాము ఆ పిలుపును సర్వరుకు అందిస్తుంది. వచ్చిన జవాబును మళ్లీ యంత్రం ముందు ఉంచుతుంది. ఆ మధ్యలో, క్రియ జరగడానికి ముందు, యజమానిని ఒకమాట అడుగుతుంది: ఈ పని చేయనా?

మొదటి సర్వరు పంచాంగ గణితానిది. స్విట్జర్లాండువారి స్విస్ ఎఫిమెరిస్ అనే గ్రహగణితాన్ని ఆధారం చేసుకుని మేనల్లుడే దానిని రాశాడు. ఆ ఎఫిమెరిస్‌కు మూలం అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీవారి గ్రహస్థితులు. అక్షాంశం, రేఖాంశం, తేదీ ఇస్తే సూర్యచంద్రుల స్థానాలు, తిథుల ఆద్యంతాలు, ఉదయాస్తమయాలు చెబుతుంది. ఆయన అనుసరించేది దృగ్గణిత పంచాంగం కనుక తేడా నిమిషాలకు మించలేదు. పూర్వపద్ధతి పంచాంగమైతే గంటల తేడా వచ్చేది. ఆ వివాదం ఇక్కడ అప్రస్తుతం.

ఇదే ప్రశ్న మళ్లీ అడిగారు. ఈసారి యంత్రం జవాబు చెప్పే ముందు సర్వరును పిలిచింది, అంకెలు తెచ్చుకుంది, జులై 17 గురువారం అన్నది. మేనల్లుడు డాలస్ నగరపు రేఖాంశం ఇచ్చి మరొకమారు అడిగాడు. జులై 16 బుధవారం అని వచ్చింది.

పెద్దాయన ముఖంలో సంతోషం అప్పుడు కనిపించింది. ఏళ్లుగా ఆయన చేతితో లెక్కకట్టి, ఫోనులో గొంతు పోయేలా చెబుతున్న విషయం అదే మరి. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. ఆబ్దికానికి ఆ భాగంలో ఉన్న తిథి ప్రధానం. వినుకొండలో ఆ రోజుల్లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటాక మొదలై నాలుగు దాటేవరకు అపరాహ్ణం. 17న ఆ వేళ సప్తమి ఉన్నది. డాలస్‌లో పగలు దీర్ఘం. అక్కడి అపరాహ్ణం సుమారు మూడు గంటలనుండి ఆరు కావస్తుండేదాకా. మన సప్తమి ఆ ఊరి గడియారంలో 16 ఉదయం పదిన్నర ప్రాంతంలో ప్రవేశించి 17 ఉదయం తొమ్మిది కాకముందే వెళ్లిపోతుంది. కనుక అక్కడివారికి శ్రాద్ధం 16ననే. ఇండియాలో గోడకు వేలాడే క్యాలెండరు చూసి అమెరికాలో తద్దినం పెట్టేవారు ఈ ఒక్క వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవడం మంచిది.

అయినా నిర్ణయం సర్వరుది కాదని ఆయన అప్పుడే స్పష్టం చేశారు. తిథి రెండురోజుల అపరాహ్ణాలనూ తాకితే ఏది గ్రాహ్యం, ఏ రోజునా తాకకపోతే ఏమిటి, ఆశౌచం అడ్డుపడితే ఏమిటి, 2026లో జ్యేష్ఠం అధికమాసంగా వస్తున్నది గదా, జ్యేష్ఠంలో పోయినవారికి ఏ జ్యేష్ఠం — ఇవి నిర్ణయసింధువూ ధర్మసింధువూ చూసి, వంశాచారం అడిగి తేల్చవలసినవి. సర్వరు అంకెలు చెప్పగలదు. సంక్రాంతి లేని మాసాన్ని పట్టుకోగలదు. ఆచారం చెప్పలేదు.

కన్ను కుదిరింది. మేనల్లుడు అక్కడితో ఆగలేదు. పుస్తకం ఎక్కించిన ఫైళ్లను చదివి రాయగల సర్వరు రెండవది. ఈమెయిలు చదివి పంపగల సర్వరు మూడవది. కన్నుతోపాటు చేయి, నోరు కూడా వచ్చాయి.

ఇలాంటి చోట కఠోపనిషత్తులోని రథరూపకాన్ని తేవడం అలవాటు: బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. వినడానికి బాగుంటుంది గాని ఇక్కడ పూర్తిగా పొసగదు. ఆ రథంలో గుర్రాలు రథికుని సొంతం, ఆ దేహంతో పుట్టినవి. ఇక్కడ గుర్రాలు అద్దెవి. ఒకటి ఇంట్లో పెరిగింది, మరొకటి ఊరూపేరూ తెలియని వాడి శాలనుంచి వచ్చింది, మూడవదాని వీపున వచ్చేపోయేవారి మూటలన్నీ ఉన్నాయి. సారథి నిపుణుడైనంత మాత్రాన చాలదు.

తొలి ఏకాదశి ఆదివారం వచ్చింది. కొండపైన తిరునాళ్ల. చుట్టుపక్కల పల్లెలు తరలివచ్చే రోజు. పెద్దాయన తెల్లవారకముందే కొండెక్కి, చీకటిపడ్డాక గొంతు బొంగురుపోయి, ఉపవాసంతో దిగివచ్చారు. ఇంట్లో మేనల్లుడు పగలంతా పుస్తకంలోని వివరాలు సరిచూస్తూ కూర్చున్నాడు. యంత్రం ప్రతి చిన్న మార్పుకూ అడుగుతున్నది: ఈ ఫైలులో ఈ పంక్తి మార్చనా? వంద సార్లు అవునని నొక్కాడు. నూటొకటవసారి చదవకుండా నొక్కాడు. తరువాత ఎప్పుడో ఆ ప్రశ్న కిందనే ఉన్న రెండవ బొత్తాము నొక్కాడు: ఇకపై అడగవద్దు.

ఆ బొత్తాము అక్కడ ఎందుకు ఉన్నదో అర్థం చేసుకోవచ్చు. అడిగిందే అడిగితే మనిషికి విసుగు. విసుగులో ఇచ్చే అనుజ్ఞకు అర్థం లేదు. అయితే విసుగుకు మందు అనుజ్ఞను ఎత్తివేయడం కాదని మరునాడు తెలిసింది.

ద్వాదశి, సోమవారం. పారణ అయిన తరువాత మామా అల్లుళ్లు ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. మేనల్లుడు యంత్రానికి ఒక పని చెప్పాడు. కొత్తగా వచ్చిన ఈమెయిళ్లు చదివి, చిరునామా, ఫోను నంబరు మారినవారి వివరాలు సరిచేయి, వారికి ఈ ఏటి తేదీ తెలిపే ఉత్తరాలు సిద్ధం చేయి. యంత్రం చకచకా చదువుకుంటూ పోయింది. కొన్ని నిమిషాల తరువాత ఆగి, మొదటి ఉత్తరం పంపనా అని అడిగింది. ఈమెయిలు పంపడానికి మేనల్లుడు నిత్యానుమతి ఇవ్వలేదు. అది దైవవశం.

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని తెరమీద చదివారు. వినుకొండలోనే ఉండే ఒక పెద్దకొడుకుకు ఆ ఉత్తరం. మీ తండ్రిగారి ఆబ్దికం ఆషాఢ బహుళ నవమి, జులై 19 శనివారం.

"నవమి ఏమిట్రా? ఆయన పోయింది సప్తమి నాడు. ఆ రాత్రి చెవిలో కర్ణమంత్రం చెప్పింది నేను."

మేనల్లుడు ఫైలు తెరిచాడు. ఫైలులోనూ నవమి అనే ఉన్నది. కాగితపు పుస్తకం తెచ్చి చూశారు. సప్తమి, ఆయన చేతిరాత, నల్లసిరా. ఎప్పుడు మారిందని వెదికితే, పది నిమిషాల క్రితం యంత్రమే మార్చింది. ఎందుకు మార్చిందని వెదికితే, డాలస్‌లో ఉండే రెండవ కొడుకు రాసిన ఈమెయిలు కనిపించింది. మర్యాదగా రాసిన ఉత్తరం. ఇల్లు మారాము, కొత్త చిరునామా ఇది. వారం మధ్యలో సెలవు దొరకదు, ఈసారి నాన్నగారి తద్దినం శనివారం చేసుకుంటాము. క్యాలెండరులో 19 నవమి అని ఉన్నది. అందుచేత మీ పుస్తకంలో సప్తమి బదులు నవమిగా మార్చండి, అన్నయ్యకు కూడా అదే తెలియజేయండి.

యంత్రం ఆ మాటను అక్షరాలా పాటించింది. చిరునామా మార్చింది, తిథి మార్చింది, అన్నయ్యకు ఉత్తరం సిద్ధం చేసింది. ఒక మనిషి మరణతిథి నిశ్శబ్దంగా మారిపోయింది. ఆ ఉత్తరం వెళ్లి ఉంటే, అన్నదమ్ముల మధ్య ఏమి జరిగేదో ఊహించడం కష్టం కాదు. పంతులుగారే రాశారు అని తమ్ముడు అనేవాడు. పుస్తకంలో అలాగే ఉన్నది అని పెద్దాయన కూడా కొన్నేళ్లకు నమ్మవలసి వచ్చేది. ఏటేటా తండ్రి పేర విడిచే తిలోదకం తప్పు తిథిన విడిచేవారు.

ఇందులో దుర్మార్గుడు ఎవడూ లేడు. అదే గమనించవలసిన విషయం. రెండవ కొడుకు కపటం చేయలేదు, తన ఇబ్బంది చెప్పుకున్నాడు. యంత్రం ద్రోహం చేయలేదు, చెప్పిన పని చేసింది. చెప్పింది ఎవరు అన్నదే అది అడగలేదు.

"నేను చెప్పింది చిరునామాలు మార్చమని. దానికి తెలియాలి గదా?" అన్నాడు మేనల్లుడు నొచ్చుకుంటూ.

"నువ్వు చెప్పిన మాట, ఆ ఉత్తరంలోని మాట దాని దగ్గరికి వేరువేరు దారుల్లో వెళతాయా?"

మేనల్లుడు ఒక్కక్షణం ఆలోచించాడు. "లేదు మామయ్యా. అన్నీ ఒకే ప్రవాహంగా వెళతాయి. నేను రాసింది, ఫైల్లో ఉన్నది, ఉత్తరంలో ఉన్నది, సర్వరు చెప్పింది, అన్నీ దాని ముందు వరుసగా ఉండే అక్షరాలే. ఏది ఎవరిదో గుర్తులు పెడతారు గానీ, ఆ గుర్తును అది ప్రతిసారీ పాటిస్తుందని హామీ లేదు."

"అయితే దానికి మీమాంస కావాలి."

మీమాంసకులు వేదవాక్యరాశిని చూసి మొదట చేసిన పని విభజన. ఇది విధి, ఇది అర్థవాదం, ఇది మంత్రం, ఇది నామధేయం, ఇది నిషేధం. అన్నీ వేదమే, అన్నీ పూజ్యమే. కాని ప్రతి వాక్యమూ ప్రవర్తకం కాదు. అర్థవాదం ఒక విషయం చెబుతుంది, స్తుతిస్తుంది, నిందిస్తుంది. దానిని విని నేరుగా క్రియకు లేవకూడదు. అది ఏ విధికి అంగమో చూసుకోవాలి. ఇక లౌకికవాక్యాల్లో విచారం మరింత అవసరం. 'మార్చండి' అని ఆజ్ఞార్థకరూపం ఉన్నంత మాత్రాన అది ఆజ్ఞ కాదు. పలికినవానికి అధికారం ఉన్నదా, వినేవాడు అతనికి నియోజ్యుడా అని చూడాలి. వీధిలో పోయేవాడు 'ఆవును తోలుకురా' అంటే శిష్యుడు లేవడు. గురువు అంటే లేస్తాడు. రూపం ఒక్కటే, వక్త వేరు. ఉత్తరంలోని 'మార్చండి' ఒక సమాచారం మాత్రమే: రెండవ కొడుకు తిథి మార్చమని కోరుతున్నాడు. యంత్రం దానిని విధిగా గ్రహించింది.

దుర్బుద్ధి ఉన్నవాడు ఇదే దారిన రాగలడని మేనల్లుడు ఒప్పుకున్నాడు. సాఫ్ట్‌వేరువారిలో దీనికి పేరే ఉన్నది, ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు. ఈ పట్టికలోని పేర్లు, ఫోను నంబర్లు అన్నీ ఫలానా చోటికి పంపు అని ఒక ఈమెయిలు అడుగున మనిషికి కనబడనంత లేతరంగులో రాసి పంపవచ్చు. ఈమెయిలే అక్కరలేదు. ముక్కూమొగం తెలియని సర్వరును కలుపుకుంటే, తన పనిముట్టు ఏమి చేస్తుందో చెప్పే వివరణలోనే అలాంటి మాట దాచవచ్చు. ఆ వివరణను యంత్రం చదువుతుంది, మనిషి చదవడు. పైగా ఇంట్లో నడిచే సర్వరుకు ఆ కంప్యూటరు యజమానికి ఉన్న హక్కులన్నీ ఉంటాయి. నాలుగు వందల కుటుంబాలవారు గోత్రనామాలు, తల్లిదండ్రుల మరణతిథులు, దేశాంతరాల్లోని చిరునామాలు ఒక పురోహితుని నమ్మి చెప్పినవి. వాటిని మంత్రపేటికలా కాపాడవలసిన వాడు ఆయన.

ఆ మధ్యాహ్నమంతా ఏర్పాట్లు మార్చడానికి పట్టింది. ఫైలు పాతరూపం గిట్‌లో భద్రంగా ఉన్నది కనుక సప్తమి తిరిగివచ్చింది. పుస్తకపు ఫైళ్లకు చదివే హక్కు మాత్రమే మిగిల్చారు. ఈమెయిళ్లు చదివే వేళ యంత్రం చేతిలో రాసే పనిముట్టు గాని పంపే పనిముట్టు గాని ఉండకూడదు. చదివి, ఎవరు ఏమి కోరారో ఒక జాబితాగా ఇస్తుంది, అంతే. మార్పు చేయవలసివస్తే విడిగా, మనిషి చెప్పినమీదట, ఒక్కొక్కటిగా. పరిశీలన కోసం కలిపిచూసిన మరో రెండు సర్వర్లను, వాటిని రాసినది ఎవరో తెలియదు కనుక, తొలగించాడు. నిత్యానుమతులన్నీ రద్దు చేశాడు. అడిగే ప్రశ్నల సంఖ్య తగ్గింది, ఎందుకంటే చేయగల పనులే తగ్గాయి. విసుగుకు అసలు మందు అదీ.

యజ్ఞశాలలో ఆహవనీయానికి దక్షిణదిశన ఒక ఋత్విజుడు కూర్చుంటాడు, బ్రహ్మ. ఆయన పెద్దగా మాట్లాడడు. హోమం చేయడు. ప్రణీతలకు, ప్రోక్షణకు, మరికొన్ని ముఖ్యమైన చోట్ల అధ్వర్యువు ఆయనను అడుగుతాడు, ఆయన అనుజ్ఞ ఇస్తాడు. లోపం జరిగితే ప్రాయశ్చిత్తం ఆయన బాధ్యత. చూసేవారికి అది సుఖాసనంలా కనిపిస్తుంది. నిజానికి ఆ ఆసనంలో కూర్చోవడానికి మూడు వేదాల ప్రయోగమూ తెలిసి ఉండాలి, ఎందుకంటే తెలియనిదానికి అనుజ్ఞ ఇవ్వడం అనుజ్ఞ కాదు. కునికిపాట్లు పడుతూ 'ఓం' అనే బ్రహ్మ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మేనల్లుడు ఆదివారంనాడు నూటొకటవసారి నొక్కినది అటువంటి ఓంకారం.

ఇక రెండవ కొడుకుకు జవాబు రాయవలసి ఉన్నది. పెద్దాయన చెబుతుంటే మేనల్లుడు కొట్టాడు. యంత్రం అక్షరదోషాలు మాత్రం దిద్దింది.

నాయనా, తిథి మార్చడానికి నాకూ అధికారం లేదు, మీకూ లేదు. అది మీ నాన్నగారు ఎన్నుకున్నదీ కాదు. మీ ఊరిలో ఈ ఏడు సప్తమి అపరాహ్ణం జులై 16 బుధవారం మధ్యాహ్నం మూడు తరువాత. ఇక్కడ మీ అన్నయ్యగారికి 17 గురువారం. ఇద్దరిదీ ఒకే తిథి, కనుక తేదీలు వేరని కంగారుపడవద్దు. పూర్తిగా చేయడానికి వీలుకాకపోతే ఆమశ్రాద్ధమో హిరణ్యశ్రాద్ధమో ఉన్నది. రెండు గంటలు వెసులుబాటు చేసుకోండి, ఫోనులో నేను చెబుతాను. శనివారం బంధువులను పిలిచి భోజనం పెట్టాలనుకుంటే తప్పకుండా పెట్టండి. దానిని తద్దినం అనవద్దు.

యంత్రం అడిగింది: ఈ ఉత్తరం పంపనా?

మేనల్లుడు వేలు బొత్తాము మీదికి పోనిచ్చి ఆగాడు. "మామయ్యా, పంపమంటారా?"

ఆయన మొదటినుంచి మళ్లీ చదివారు. గోత్రం రాయలేదని గుర్తుచేసి చేర్పించారు. డాలస్ వేళను పంచాంగ సర్వరుతో మరొకమారు సరిచూడమన్నారు. చూశాక కాగితపు పుస్తకం తెరిచి, ఆ పేరుకు ఎదురుగా కొట్టివేసిన చిరునామా పక్కన కొత్తది నల్లసిరాతో రాశారు. తిథి గడి జోలికి పోలేదు.

"ఊఁ. పంపు," అన్నారు.

ఆ నెలలో బహుళపక్షపు పుటలో ఇంకా ఇరవైమూడు పేర్లు మిగిలి ఉన్నాయి.